మలుపు దగ్గర మూడడుగులు

మోంతెవిదేయోలో, సెర్రో కొండ వాలున
మూడంతస్తుల ఇల్లు గీయమన్నారు నన్ను.
ముప్పై గడపలు. సగం ముసలివాళ్లకి,
సగం ఇప్పుడిప్పుడే ఉయ్యాల కొన్నవాళ్లకి.
"కలిసిమెలిసి ఉండాలి" అని షరతుల్లో రాసుంది,
సిమెంటు పాళ్ల కంటే ముందే.

నేను హాలు గీశాను.
అద్దాల గోడ, వరసగా దీపాలు,
కాగితం మీద మనుషుల బొమ్మలు కూడా పెట్టాను:
ఒక తాత, ఒక మనవరాలు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని.
అలాంటి బొమ్మలు మాకు డజన్ల లెక్కన దొరుకుతాయి.

నెల్వా కళ్లజోడు తీసి తుడుచుకుంది.
నలభై ఏళ్లు మాంసం డబ్బాలకి చీటీలంటించిన చెయ్యి
నా హాలు మీద బరువుగా పెట్టింది.
"ఇందులోకి ఎవరొస్తారమ్మాయ్?
ఓట్లెయ్యడానికొస్తారు. శవాన్ని చూడ్డానికొస్తారు.
ఊరికే ఎవరొస్తారు?
నా మోకాలు పద్నాలుగో మెట్టు మీద ఆగిపోతుంది.
అక్కడేం గీశావో చూపించు."

అక్కడ నేనేమీ గీయలేదు.
మెట్లు మలుపు తిరుగుతాయి, అంతే.
లిఫ్టు ఉంది కదా, అన్నాను.
"లిఫ్టులో అందరూ తలుపునే చూస్తారు" అంది.

మలుపు మలుపుకీ మూడడుగులు అదనం,
ఒక బల్ల, కూర్చున్న కంటికి అందే కిటికీ.
రూబెన్ లెక్కల పుస్తకం తెరిచాడు:
ఈ మూడడుగులూ ఎవరి వంటింట్లోంచి కొయ్యాలి?
థర్మాసులో నీళ్లు మూడుసార్లు అయిపోయాయి.
మాటే బుర్ర చేతులు మారుతూనే ఉంది,
మాట మాత్రం ఎవరి దగ్గర వాళ్లకే ఉండిపోయింది.
చివరికి నెలలు నిండిన యెసీకా చెయ్యెత్తింది:
"నా వంటింట్లోంచే కొయ్యండి.
రాత్రి పిల్ల ఏడిస్తే
దీన్నెత్తుకుని ఎక్కడో ఒకచోట తిరగాలిగా."
త్యాగమేం కాదు, లెక్క.
ఒక్క ఓటుతో గెలిచాం.

ఎవరి ఇల్లు వాళ్లే కట్టుకోవాలి, అదీ సంఘం రూలు.
పడుచువాళ్లు ఇటుకలు మోశారు.
మోయలేనివాళ్లు షెడ్డులో కూర్చుని
వంకరపోయిన మేకుల్ని సుత్తితో తిన్నగా చేశారు.
నెల్వా ఒక్కతే రెండు డబ్బాలు నింపింది.

ఏడాది తర్వాత ఫిర్యాదు ఉత్తరం వచ్చింది నాకు.
వెళ్లాను. నా హాల్లో సైకిళ్లున్నాయి,
కాలు విరిగిన పింగ్‌పాంగ్ బల్ల ఉంది.
అద్దాల మీద వేలిముద్ర ఒక్కటీ లేదు.

పద్నాలుగో మెట్టు పైన
తొమ్మిదేళ్ల లౌతారో బల్లని డోలులా వాయిస్తున్నాడు.
నెల్వా వాణ్ణి తిడుతోంది, లేచి మాత్రం వెళ్లడం లేదు.
వాళ్లిద్దరూ స్నేహితులని నేను రాయను.
వాడికి ఆవిడ చెప్పుల చప్పుడు తెలుసు.
ఆవిడకి వాడు ఏ రోజు స్కూలు ఎగ్గొట్టాడో తెలుసు.

మొన్న జూన్‌లో, చలి ముదిరిన పొద్దున
ఏడున్నరకి ఆ చెప్పులు వినపడలేదట.
వాడు బ్యాగు అక్కడే పడేసి,
పరుగెత్తుకెళ్లి తలుపు బాదాడట, రెండు చేతుల్తో.
తీసింది ఆవిడ, నైటీలో, జుట్టు విరబోసుకుని:
"ఒక్క రోజు పడుకునే హక్కు కూడా లేదా
ఈ కొంపలో?"
ఇది ఆవిడే చెప్పింది నాకు, కోపంగా.
అదే ముక్క మళ్లీ రెండోసారి చెప్పింది.

ఉత్తరం నా చేతిలోనే ఉంది.
ఫిర్యాదు: మోత.
కోరుతున్న మరమ్మతు:
బల్ల పక్కన గోడకి ఒక మేకు, సంచి తగిలించుకోవడానికి.
ఇంకొకటి కొంచెం కిందగా, స్కూలు బ్యాగుకి.
"మేకులు కొననక్కర్లేదు,
షెడ్డులో ఉన్నాయి.
గోడ ఎక్కడ గట్టిగా ఉందో
నువ్వు చూపిస్తే చాలు."