పదకొండు చెట్లు

లెక్కల మాస్టారు ఫెహిమ్ మా కమాండరు.
పరీక్ష పేపరు వెనక పెన్సిలుతో దాడి గీశాడు:
ఇది మట్టిగోడ, ఇది ట్రాన్స్‌ఫార్మరు గది,
ఇవి ఆల్బకరా చెట్లు, పన్నెండు.
"పదకొండు" అన్నాడు ఒగ్న్యెన్,
"ఒకదాని మీద పిడుగు పడింది."
ఆ తోట వాళ్ల మేనత్తది.
మాస్టారు ఒక చెట్టు చెరిపాడు.

"అక్కడి దాకా వెళ్లి నిలబడితే
పంపు దగ్గర క్యూ పైవాళ్లకి కనబడదు."
అంతే.
సరాయెవోని విడిపించే పని కాదు,
డెబ్బైమంది బిందెలు నింపుకునే పని.

యుద్ధానికి ముందు నేను ట్రాములో టికెట్లు చూసేవాణ్ణి.
చివరి స్టాపు నుంచి
యుద్ధం పావుగంట నడక.
"తాళంచెవి పట్టుకెళ్లు,
నిద్రపడితే నేను లేవను" అంది సెనీయా.
పట్టుకెళ్లాను.

ఇరవైముగ్గురం, పంతొమ్మిది తుపాకులు.
మిగతా నలుగురూ వెనక నడవాలి,
ఎవరిదైనా ఖాళీ అయ్యేదాకా.
పొగమంచు వస్తుందన్నారు. వచ్చింది.
మేం గోడ దాటేలోపే
పని అయిపోయిన గుమస్తాలా వెళ్లిపోయింది.

అయినా చేరాం. ఎలాగని అడక్కండి,
నాకు గుర్తున్నది బజ్రో రబ్బరు బూట్ల చప్పుడొక్కటే.
నలభై నిమిషాలు ఆ తోట మాది.
గోలీకాయలంత పచ్చికాయలు.
నాలుగో వేసవి,
చెట్టు మీది కాయ ముట్టుకుని.
బజ్రో ఒకటి కొరికి
మొహం చిట్లించి
ఇంకోటి కొరికాడు.

ఆరో చెట్టు కింద బోర్లా పడుకుని
తల తిప్పి చూశాను.
మా ఊరు.
అరచేతిలో పెట్టినట్టు మా ఊరు.
పసుప్పచ్చ డబ్బాలు, పంపు,
డబ్బా మార్చుకుంటున్న చెయ్యి,
మా నాలుగో అంతస్తు, తీగ మీద నా చొక్కా.
చొక్కా బొత్తాం ఊడిందని కూడా తెలిసిపోతుందేమో అనిపించింది.
ఇంత దగ్గరా?
మూడేళ్లుగా పైవాళ్లని రాక్షసులనుకున్నాను,
రాక్షసత్వం అక్కర్లేదు దీనికి.
మోచేతులు ఆనించుకోడానికి చోటుంటే చాలు.
నా మోచేతుల కింద
ముందే రెండు గుంటలు ఉన్నాయి.

తర్వాత మోర్టార్లు.
తర్వాత దిగడం.
కింద మాస్టారు లెక్కపెట్టాడు, పదిహేడు.
చెరిపేసినట్టు గాల్లో చెయ్యి ఊపి
మళ్లీ లెక్కపెట్టాడు.
ఒగ్న్యెన్ మేనత్త తోటలోనే ఉండిపోయాడు.
రేడియో ఆ రాత్రి
వాతావరణం గురించి చెప్పింది.

తాళంచెవి అవసరం పడలేదు.
తలుపు తీసే ఉంది, సెనీయా గడపలో కూచుని ఉంది.
జేబులో కాయలు చూసి ఏమీ అడగలేదు.
పుస్తకం అట్టలతో పొయ్యి వెలిగించి ఉడికించింది.
చక్కెర లేదు.
పక్కింటి రజియా కొడుకు నాలుగు తిని
రాత్రంతా కడుపునొప్పితో ఏడ్చాడు.
దాడి ఫలితం అదీ, రాసుకోవాలంటే.

ఇంకొకటి ఉంది.
తెల్లారి సుద్దముక్కతో పంపు దగ్గరికెళ్లి
గోడ వారన గీత గీశాను.
ఆరో చెట్టు నుంచి కనబడని చోటు అదొక్కటే,
నేను చూసొచ్చాను.
మూడడుగుల జాగా.
ఇద్దరు పడతారు, ఒళ్లు ముడుచుకుంటే ముగ్గురు.
"అమ్మా, ఈ గీత లోపలికి రండి" అన్నాను,
టికెట్లు అడిగే గొంతుతోనే.

రజియా డబ్బా పట్టుకుని
గీత బయటే నిలబడింది.
"నా వంతు ఇంకా రాలేదయ్యా" అంది.