ఇన్నాసయ్య మాస్టారి గోళ్లు

జ్ఞానాపురం మూడో సందు.
రైలు పోతే కిటికీ అద్దం వణికే గది.

వాయించాలంటే గోళ్లు పెరగాలి,
చిత్రిక పడితే విరుగుతాయి.
కచేరీ ఉందంటే నెల్లాళ్లు ఉలి ముట్టడు;
ఆ నెల ఇల్లు మేరీరత్నం గారి కుట్టుమిషన్ మీద నడిచేది.

పాత ఓడ తలుపుల టేకు,
వలలవాళ్ల దగ్గర కొన్న నైలాను.
ఉప్పుగాలికి జిగురు ఊడితే
"సముద్రానిక్కూడా నేర్చుకోవాలనుంది కాబోలు"
అని మళ్లీ అతికేవాడు.
నాకు మాత్రం ఆర్నెల్లూ బొటనవేలే నేర్పాడు.

ఇప్పుడు చెవులు పోయాయి.
నేను చేసిన మొదటి గిటారు పట్టుకెళితే
దాని తల అంచు పళ్లతో కరిచిపట్టి
మీటమని సైగ చేశాడు.

దవడ కదపకుండానే
నాలుగు వేళ్లు చూపించాడు:
నాలుగో తీగ,
వెంట్రుకవాసి తగ్గింది.