ఇంటూ గుర్తు

పదిహేడో ఏట నా చేతికిచ్చిన మొదటి పనిముట్టు
గులాబీ రంగు స్ప్రే డబ్బా.

"చచ్చిపడున్నదాని పొట్టసంచిలో చెయ్యి పెట్టి చూడు.
ఖాళీ అయితే రోడ్డు పక్కకి లాగి
వీపు మీద ఇంటూ కొట్టు.
వెనకొచ్చేవాళ్ళు మళ్ళీ దిగక్కర్లేదు."

మార్గో టిల్యర్డ్ అంతకుమించి చెప్పలేదు.
నేనేమో సీసాతో పాలు పట్టడమనుకుని
పేరిచ్చి వచ్చాను.

బళ్ళో లెక్కల పుస్తకంలో ఇంటూ అంటే తప్పు.
హ్యువన్ లోయ రోడ్డు మీద ఇంటూ అంటే
ఎవరో ఒకరు ఆగారని.

మొదటి రాత్రి తొమ్మిది గుర్తులు.
పదోది ఇంకా వెచ్చగానే ఉంది.
తొడుగు వేసుకున్న వేళ్ళకి కూడా తెలిసింది,
లోపల ఏదో కాలు ముడుచుకుంది.
బొచ్చు రాని ఒళ్ళు, ఒంటికి మించిన పాదాలు,
నోట్లో తల్లి చన్ను.
లాగితే నోరు చీలుతుందట.
మార్గో టార్చి పళ్ళ మధ్య పట్టుకుని
కత్తెరతో తల్లి వైపు కోసింది.
నా చేతులు చూసి, టార్చి తీసి అంది:
"కంగారూ పిల్ల దగ్గర కంగారు పనికిరాదు."
నిజానికది వాలబీ. అప్పుడు నాకు తేడా తెలీదు.

దిండుగలీబు దానికి కడుపయింది.
కట్టెల పొయ్యి పక్కన తలుపు పిడికి వేలాడేది.
మూడు గంటలకోసారి పాలు,
తడి దూదితో తుడిస్తే గానీ ఉచ్చ పోయదు,
తల్లి నాకినట్టు అనుకోవాలి.
నోటు పుస్తకంలో నా జీవితమంతా గ్రాముల్లో ఉంది:
412. 415. 415. 409.
కెమిస్ట్రీ క్లాసులో నిద్రపోయాను.
ఇమొజెన్ సినిమాకి పిలవడం మానేసింది.

మా నాన్న జామాయిల్ దుంగల లారీ నడుపుతాడు.
ఇరవై రెండేళ్ళుగా రాత్రి బండి.
గట్టిగా బ్రేకు తొక్కితే దుంగలు వీపులోకొస్తాయి.
"తప్పదు" అనే మాట మా ఇంట్లో
ఉప్పు డబ్బాలాగా చేతికందేచోటే ఉంటుంది.
నేను లేవకముందే ముందు బంపరు కడిగేసేవాడు.
దిండుగలీబు గురించి ఏమీ అనలేదు.
బూట్లు చేత్తో పట్టుకుని
దాని పక్కనుంచి నడవడం మాత్రం చూశాను.

398.
తర్వాత తూయలేదు.

తొమ్మిదో రోజు. యాపిల్ తోట కంచె దగ్గర
నేల గడ్డకట్టి పార దిగలేదు.
"పేరు పెట్టావా?" అడిగింది మార్గో.
లేదన్నాను.
ఆ పేరు ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

డబ్బా తిరిగిచ్చేద్దామని రెండుసార్లు వెళ్ళాను.
రెండుసార్లూ ఆవిడ తలుపు తీసి
"వచ్చావా, దీన్ని పట్టుకో" అని
ఏదో ఒకటి నా ఒళ్ళో పెట్టింది.

జూలైలో ఒక తెల్లవారుజామున
ఇంజను ఆపకుండానే నాన్న లోపలికొచ్చాడు.
తల మీద టోపీ లేదు, చెవులు ఎర్రగా.
టోపీ చేతుల్లో ఉంది, అందులో రెండు కళ్ళు.
ఒంటిమీద నూగు. బతికే వయసే.
"నేను కాదు" అన్నాడు. "ముందు బండి."
నేనేమీ అడగలేదు.
"సంచి అంతా చూశావా?"
"చూశాను."
"గుర్తు?"

దుంగల మీద నంబర్లు రాసే పసుపు సుద్ద
జేబులోంచి తీసి చూపించాడు.
"తడి బొచ్చు మీద పడి చావదే అది,
రెండుసార్లు దిద్దాను, బ్రయనీ."
బయట లారీ గురకపెడుతోంది.
తూకం తీశాను. టోపీతో సహా పెట్టి, టోపీ బరువు తీసేసి,
ఐదొందల ముప్పై.
మోకాళ్ళ మీద కూర్చుని
ఆ అంకె వైపు చాలాసేపు చూశాడు,
అది ఎక్కువో తక్కువో ఆయనకి తెలీదు.

అది ఆ టోపీలో తప్ప పడుకోదు. డీజిల్ వాసన మరిగింది.
నాన్న దాన్ని వెనక్కి అడగలేదు.
చలికాలం ఇంకా ఆరు వారాలుంది,
కొత్తది కొనుక్కోనూ లేదు.