నల్ల అంచు కాగితం

కనోసాలో ఎవరు పోయినా
పాదిరీ తర్వాత తెలిసేది నాకే.
ఇంట్లో వాళ్లు అద్దాల మీద గుడ్డ కప్పేలోగా
నా బకెట్లో మైదా జిగురు ఉడికి ఉంటుంది.

ముప్ఫయ్యొక్క ఏళ్లు.
నల్ల అంచు, నడుమ పేరు, కింద వయసు,
ఏ చర్చి, ఎన్ని గంటలకి.
చేపల అంగడి గోడకొకటి, బస్సు ఆగేచోట స్తంభానికొకటి,
పోయినవాడు పేకాడిన బారుకి ఎదురుగా ఇంకొకటి.
అది లెక్కలోది కాదు, నా తరఫున.

కాగితం పడని చావు నా ఎరికలో ఒక్కటే,
మెట్లవీధి చివర లొరూసో ముసలాయనది.
పదకొండు రోజులు తలుపు వెనకాలే ఉన్నాడు.
వీధిలో పెళ్లి బ్యాండు వెళ్లింది, కూరగాయల బండి వెళ్లింది.
కబురు లేని చావుకి ఊరు పక్కకి తిరిగి కూడా పడుకోదు.

ఇప్పుడు నా తొడలో గడ్డ.
నిచ్చెన మీద ముందు పెట్టే కాలే అది.
పరాయిది కాదట, నా కణమేనట,
అద్దె కట్టకుండా గది మీద గది వేసుకుంటూ పోయింది.
నా ఒంట్లో గస్తీ తిరిగే వాళ్లు రోజూ దాన్ని చూసి
బోంజోర్నో చెప్పి వెళ్లిపోయారట.

బారీ ఆసుపత్రిలో నర్సు తెయొదోరా సంచీ తగిలించింది.
ఎర్రగా, ద్రాక్ష తొక్కిన మొదటి సాయంత్రం రంగులో.
"దీని పుట్టిల్లు మన మట్టే, సవీనో.
ఎనిమిది మూలల కోట పక్క మన్నులో
ఓ సూక్ష్మజీవి ఇచ్చిన మందుకి తోబుట్టువిది."
ఆ కోట దారిలో నేనెన్నిసార్లు ఉచ్చ పోశానో చెప్తే
ట్యూబు పట్టుకునే నవ్వింది.

డాక్టర్ ఇలేనియా కుర్చీ లాక్కుని చెప్పింది:
కణాలు రోజూ చస్తూనే ఉంటాయి, చడీచప్పుడు లేకుండా.
ఊడ్చేవాళ్లు ఊడ్చుకుపోతారు, ఎవరూ అడగరు.
ఈ ఎర్రమందు తగిలితే మాత్రం, కొన్ని,
పోయే ముందు లోపలి గదిలో ఉండాల్సిన ప్రొటీనుని
బయటి గోడకి అంటించుకుంటాయట.
దాని పేరు రెండుసార్లు చెప్పింది, నా నోరు తిరగలేదు.
కొలిమిలో దాచుకున్న నిప్పు వీధిలోకి చల్లుతాయట,
వచ్చేవాళ్లకి దారి కనపడాలని.
ఆఖర్న కేంద్రకంలోంచి ఒక కేక.

చావు కబురు చల్లగా చెప్పమంటారు.
నేనలాగే చెప్పి బతికాను.
ఇవి వేడివేడిగా చెబుతాయన్నమాట.

అప్పుడు కొమ్మల్లాంటి చేతులున్న కణాలొస్తాయి.
చచ్చినదాన్ని ఓ ముక్క కొరికి,
ఆ ముక్క పట్టుకుని గజ్జల్లోని గ్రంథికి నడుస్తాయి.
అక్కడ టి కణాలు, ఇంకా ఏ గొడవా చూడని కుర్రాళ్లు.
ముక్క చూస్తారు, ముఖం బట్టీ పడతారు,
ఆ ముఖం ఏ సందులో నక్కినా వెతుక్కుంటూ బయల్దేరతారు.
కొందరు ఏళ్లకేళ్లు మరచిపోరట.

"అంటే డాక్టరమ్మా,
పోయేవాడే తన కాగితం తానే అంటించుకుంటున్నాడు."
కలం ఆగింది.
"అందరిలో జరగదు, సవీనో.
మీలో జరుగుతుందని నేను మాటివ్వలేను."
సరే అన్నాను.
కాగితం చూసి అందరూ వస్తారా ఏమిటి?
వానపడితే నలుగురే వస్తారు.
ఆ నలుగురూ పెట్టె మోయడానికి చాలు.

రాత్రి ఒళ్లు కాస్త వెచ్చబడింది.
మందు వల్లనో, వాళ్లొచ్చారో, చెప్పేవాళ్లు లేరు.
నూంత్సియా తడిగుడ్డ తెచ్చింది.
ఉండు, అన్నాను, గజ్జల దగ్గర చెయ్యి పెట్టుకుని,
పక్కింటి మెట్ల మీద అడుగులు వినేవాడిలాగా.

పొద్దున్నే మేనల్లుడు రొక్కో ఫోను.
కాగితాలు వంకరగా అంటిస్తున్నాడని ఫిర్యాదులట.
వంకరైతే ఫరవాలేదురా.
ముందు గోడ తుడువు. పై అంచుకి జిగురు దట్టంగా పెట్టు.
సముద్రం గాలికి మొదట ఊడేది అదే.
ఊడిపడితే
ఇంకెవరు చదువుతారు?