డిక్కీలో దీపం

మూడు రోజులకోసారి చచ్చిపోతోంది బండి.
కొత్త బ్యాటరీ వేసినా అంతే.
"పెదజాలరిపేట కదా, ఉప్పుగాలి" అన్నారంతా.

మర్రిపాలెం సన్నిబాబు
నెగెటివ్ వైరు విప్పి మధ్యలో మీటరు పెట్టాడు.
తాళం నా జేబులో ఉంది,
అంకె మాత్రం అర ఆంపియరు దగ్గర
మేలుకునే ఉంది.
"ఏటో తాగేస్తంది బావూ!"

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాడు.
హారన్ కాదు. పాటల పెట్టె కాదు.
పదకొండోది ఊడగానే
అంకె పడుకుంది.

ఫోన్‌లో వీడియో పెట్టి, డిక్కీలో పడేసి
మూత వేశాడు.
తీసి చూస్తే
మూత పడ్డాక కూడా లోపల వెలుతురే.
తుప్పుపట్టి ఇరుక్కుంది స్విచ్చి.
ఉప్పుగాలే, చివరికి.

ఇన్ని రాత్రులూ అది
స్టెప్నీని చూస్తూ కూర్చుంది,
ఎండురొయ్యల సంచిని,
పోయిందనుకుని నేను ఇంట్లో అందరినీ తిట్టిన
గొడుగుని.

బల్బు పీకి నా చేతిలో పెట్టాడు.
ఇంకా వేడిగానే ఉంది.