తాడుల ముడి

మన్ననూరు చెక్‌పోస్టు కాడ జీపు ఆగింది.
రిజిస్టర్ల పేరు, ఊరు, వచ్చిన పని రాయాలె.
పున్న శశిరేఖ. దేవరకొండ.
పని కాడ కలం ఆగింది,
పన్నెండేండ్లుగ ఆడనే ఆగుతది.
"సమన్వయకర్త అంటే ఏం జేస్తవమ్మా?"
మాట్లాడిస్త, అన్న.
"వాళ్లు ముందుగాల్నే మాట్లాడుకుంటరు గదా!"
నవ్వుకుంట గేటు ఎత్తిండు గార్డు.

బ్యాగుల నాలుగు రంగుల మార్కర్లు,
చుట్ట చుట్టిన చార్టులు, బిస్కెట్ పుడలు.
పక్క సీట్ల రాంచీ అవతల్నుంచి వచ్చిన సుమంతి తిర్కీ.
ఆమె కుడుఖ్‌ల అనుకున్నది హిందీల చెప్తది,
నేను తెలుగుల చెప్త,
తోకల బయ్యన్న దాన్ని పెంట మాటల్లకు దింపుతడు.
మూడు వాగులు దాటినంక
ఏ మాట కాళ్లకైనా ఇంత బురద అంటుతది.
స్వయంనిర్ణయం అన్నదామె.
నా నోట్ల అది సొంత పెత్తనం అయింది,
బయ్యన్న నోట్ల "మా ఇష్టం" అయింది.
ఆఖరుదే నయం.

గుండ్రంగ కూసుందామా అన్న.
ఎవ్వరూ కదలలె.
ఆ పూట బూరుగుపెంటల నీడ గుండ్రంగ లేదు.
నీడ ఎటు జరిగితే అటు జరుగుతున్నరు,
లేని వృత్తం నడుమ
ఎండల నేనొక్కదాన్నే.

హాజరు పట్టీ తీసిన.
ఈదమ్మ బొటనవేలు పిడికిట్ల దాసుకుంది.
ఎందుకో నాకెరుకే.
మూడేండ్ల కింద ఇసొంటి కాయితం మీదనే
ఇరవై ఆరు వేలిముద్రలు.
చాయ తాగినందుకు, అంతే, అని చెప్పింది నేనే.
ఆఫీసు మెట్లు ఎక్కంగ ఎక్కంగ
అవి అడవి దిగిపోతమన్న ఒప్పుకోలు అయినయి.
ఆ ముక్క నేను రాయలె.
ఇంకు డబ్బ మాత్రం నాదే.

పట్టీ మడిచి చెప్పు కింద పెట్టుకున్న.

పొద్దు వాలంగ మాటలు అయిపోయినయి.
సుమంతి లేచి
గడ్డపార పట్టుకున్న ఈదమ్మ ఎనకాల నడిచింది.
నూలగడ్డ తవ్వింది ఈదమ్మ,
తిండికి కావల్సినంత కోసుకొని
తీగతోని ఉన్న తలకాయను మళ్ల గుంతల పెట్టి
మడిమెతోని మన్ను అదిమింది.
సుమంతి కిలకిల నవ్వి
తన మడిమె గూడ ఆ మన్ను మీదనే పెట్టింది.
ఇద్దరిల ఎవ్వరూ నా దిక్కు చూడలె.

పొయ్యి కాడ తేనెపెర చేతికిచ్చుకుంట
బయ్యన్న అడిగిండు:
"బండ అంచున తేనెకు దిగినప్పుడు
తాడు ఎవలు పడ్తరో ఎరుకేనా?
అన్నదమ్ములు గాదు. బామ్మర్ది.
రేపు అక్క మొకం చూడాలె గదా, ఇడువడు."
ఇంత ఆగి,
ఉప్పు అడిగినంత మామూలుగ:
"నువ్వు మాతోని దిగుతవా, పైన తాడు పడ్తవా?
రెండూ గాకుంటే
అంచు మీద నిలబడి ఏం జూస్తవమ్మా?"
దీన్ని హిందీల చెప్పమని సుమంతి సైగ చేసింది.
నేను చెప్పలె.

మా నాయిన మగ్గం మీద
తెగిన పోగును రెండు వేళ్ల నడుమ అతికేటోడు.
ముడి బట్టల కనపడితే నేత దండుగ అనేటోడు.
నేను నేర్చుకున్న పని అదే:
కలిపి, కనపడకుంట తప్పుకునుడు.
నా రిపోర్టులల్ల నేను ఎన్నడూ లేను.
కానీ నిన్న బయ్యన్న బామ్మర్ది నారతాడు తీసి
ప్రతి ముడినీ వేళ్లతోని తడిమిండు, గుంజి చూసిండు,
ఇది ఎవలు ఏసిండ్రని పేరు అడిగిండు.

తాడుల ముడి కనపడాలె.

అచ్చంపేట బస్టాండుల సుమంతి హైదరాబాద్ బస్సెక్కింది.
దేవరకొండ బస్సుల నేను, చెప్పుల మన్ను,
మడతల కాడ చిరిగిన ఖాళీ పట్టీ.
డిండి దాటినంక చార్టు విప్పిన.
ఒక్క అక్షరం లేదు,
ఓ మూల తేనె మరక,
దాని మీద నల్లమల చీమ ఒకటి
గింత దూరం నాతోని వచ్చింది.
ఈన్నే దింపాల్నా, ఎనక్కి తోల్కపోవాల్నా,
కండక్టర్ టికెట్ అడిగేదాక
దాన్నే చూసుకుంట కూసున్న.