గొడుగుతో బావి

రిచీ స్ట్రీట్‌లో, బల్బుల కొట్టు మీద, రెండో అంతస్తు.
కింద టంకం వాసన, పైన మేం అయిదుగురం.
ముప్పై ఏళ్ళుగా నిద్రపోతున్న ఆటని లేపుతున్నాం.

"లంగరు". మూడు భాగాలు, పదకొండు ఫ్లాపీలు.
నాలుగింటికి బూజు.
ఏడోదాన్ని తిరువేంగడం స్పిరిట్ దూదితో
పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచాడు.
అది గురక పెట్టి, దగ్గి, చదివింది.

తెర మీద రేవు లేచింది.
ఉన్నవి పదహారు రంగులే, సముద్రానికి రెండు పోగా
మిగతావి మనుషులూ దీపాలూ సర్దుకున్నారు.
కస్టమ్స్ గుమాస్తా, చంకలో గొడుగు,
ఆరిపోయిన దీపస్తంభం కోసం బయల్దేరాడు.
పదకొండేళ్ళప్పుడు వేసవంతా నేను ఇరుక్కుపోయిన
ఆ బావి అక్కడే ఉంది.

గొడుగు తీసి బావి మీద నొక్కాను.
"బావికి వాన భయం లేదు," అంది ఆట.
దువ్వెనతో సముద్రం:
"అలలు దువ్వితే లొంగే రకం కాదు."
ఉప్పుతో విగ్రహం:
"రాయి పథ్యంలో ఉంది."
తాళంచెవితో కుక్క:
"కుక్క తెరిచే ఉంది. నువ్వే మూసుకుపోయావ్."

ఇలాంటివి నాలుగు వందల పన్నెండు.
చేసిన ప్రతి తప్పుకీ ఒక జవాబు.
ఒప్పు చేస్తే మాత్రం ఒక్క "ఊఁ".

డబ్బు పెట్టినాయన వీడియో కాల్లో నవ్వాడు.
"ఇవన్నీ ఎవరు చదువుతారండీ?
మూడు నిమిషాలు దాటితే పిల్లలు వెళ్ళిపోతారు.
మెరిసే బాణం పెట్టండి. తప్పు నొక్కితే
ఏమీ జరక్కూడదు."

పెట్టాను. జీతం ఆయనదే కదా.
గుమాస్తా బాణం వెంట నడిచాడు,
బస్సు తప్పిపోతుందన్నట్టు, ఎటూ చూడకుండా.
నలభై నిమిషాల్లో దీపం వెలిగింది.
ఎవరి కోసమో తెలీలేదు.

ఇంకో చిక్కు, అతనికి ముఖం గీయడం.
అప్పుడు ఆరు చుక్కలే. అందులో
మా బాబాయి కూడా పట్టేవాడు.
ఇప్పుడు కనురెప్పలు కూడా వచ్చాయి,
ఇంకెవరూ పట్టడం లేదు.

ఆదివారం తిరువళ్ళిక్కేణి వెళ్ళాను.
ఆ జవాబులన్నీ రాసిన ఆండాళు గారు,
ఒకప్పుడు టైపు నేర్పిన మనిషి,
మేడ మీద గదిలో లెడ్జరు నా ముందుకు తోశారు.
నిలువునా ఇరవై ఆరు వస్తువులు,
అడ్డంగా పదిహేడు ఎదురయ్యేవి,
ఖాళీ లేకుండా గడిగడికీ సిరా.
"జత కుదిరేవి ముప్పైయే," అన్నారు.
"తక్కిన గళ్ళల్లో పిల్లలు ఒంటరిగా నిలబడతారే,
వాళ్ళతో ఎవరో ఒకరు మాట్లాడొద్దా?"

బాణం సంగతి చెప్పాను. కోప్పడతారనుకున్నాను.
చూపు ఆనని కళ్ళు చిట్లించి నా ఫోన్ తడిమారు.
"గుమాస్తాకి ఇది కూడా ఇస్తున్నారా?"
అనుకోలేదన్నాను.
"ఇస్తే రాసుకో. ఫోన్‌తో బావి."
కింద ఎవరిదో ఆటో హారన్, అది వెళ్ళేదాకా ఆగి,
"సిగ్నల్ లేదు. నీళ్ళున్నాయి."

వచ్చి, బాణాన్ని తీసుకెళ్ళి
మెనూ మూడో పేజీలో, అక్షరాల సైజు పక్కన పెట్టాను.
అడిగినవాళ్ళకి వస్తుంది.
ఆయన ఇంకా చూళ్ళేదు. చూస్తే చూస్తాడు.

నిన్న రాత్రి, పరీక్షకిచ్చిన కాపీల లెక్క తీశాను.
ఏడో నంబరు. సైదాపేట. వయసు పన్నెండు.
ముప్పావు గంటలో అడుగు ముందుకెయ్యలేదు.
గొడుగుతో బావి.
గొడుగుతో విగ్రహం.
గొడుగుతో కుక్క, రెండుసార్లు.
గొడుగుతో గొడుగు.

ఆ గడి లెడ్జరులోనే లేదు.
ఆట నోరు మెదపలేదు.
మళ్ళీ నొక్కింది. మళ్ళీ.

పొద్దున్నే ఆండాళు గారికి ఫోన్ చేశాను.
ఎత్తలేదు, స్నానం వేళ.
ఎనిమిదింటికి మళ్ళీ చేస్తాను.
సైదాపేటలో ఒకరు జవాబు కోసం నిలబడి ఉన్నారని
చెప్పాలి.